ఊదే పరీక్ష ‘నార్మల్’ అన్నారు, మరి సోమవారం ఛాతీ ఎందుకు బిగుస్తోంది?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో పదకొండేళ్లుగా పత్తి దువ్వే కార్డింగ్‌లో పని చేస్తున్నాను. రెండేళ్లుగా ఒకటే తంతు. ఆదివారం సెలవు తర్వాత సోమవారం డ్యూటీకి వెళ్తే మధ్యాహ్నానికి ఛాతీ పట్టేసినట్టుంటుంది, దగ్గొస్తుంది. బుధవారానికి సర్దుకుంటుంది. ఈమధ్య మెట్లెక్కితే కొద్దిగా ఆయాసం కూడా వస్తోంది. రోజుకు ఐదారు బీడీలు కాలుస్తాను. ఎక్స్‌రే బాగుందన్నారు. ఊదే పరీక్షలో రెండుసార్లు ఊదించారు. ఎఫ్‌వీసీ 4.10 లీటర్లు, 98 శాతం. ఎఫ్‌ఈవీ1 2.82 లీటర్లు, 81 శాతం. నిష్పత్తి 69. ఎఫ్‌ఈఎఫ్ 25-75 అనేది 48 శాతం. ఊదిన సమయం 3.8 సెకన్లు. ఎత్తు 165 సెంటీమీటర్లని వేశారు, నేను 5 అడుగుల 7 అంగుళాలు ఉంటాను. కింద ‘నార్మల్’ అని రాశారు. రెండేళ్ల కిందటి రిపోర్టులో ఎఫ్‌ఈవీ1 3.10 ఉంది. నాకు జబ్బు మొదలైనట్టా, కాదా?

సమాధానం: ఆ ‘నార్మల్’ అన్న మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పైనున్న అంకెలు ఆ మాటకు ఒప్పుకోవడం లేదు. మీ గాలి గొట్టాలు ఇరుకవడం మొదలైందన్న అనుమానం గట్టిగానే ఉంది. అయితే ఆ పరీక్ష చేసిన తీరులోనూ లోపాలున్నాయి కాబట్టి దాన్నే పట్టుకుని జబ్బు పేరు పెట్టేయడం కూడా తొందరపాటే. పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. ఈసారి పద్ధతిగా, అదీ సోమవారం.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. గుండెల నిండా గాలి పీల్చి, బలంగా ఊది, ఇక రాదన్నంతవరకు బయటికి పంపిన మొత్తం గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులో వచ్చిన భాగం ఎఫ్‌ఈవీ1. మీ 2.82ను 4.10తో భాగిస్తే 0.69, అంటే నూటికి 69. ఇదే నిష్పత్తి. బిందె నిండా నీళ్లున్నా మూతి ఇరుకైతే వంచినప్పుడు సన్నగానే పడతాయి. మీ పరిస్థితి అలాంటిదే. ఊపిరితిత్తుల్లో పట్టే గాలి తగ్గలేదు, అది బయటికి రావడానికి ఎక్కువ సేపు పడుతోంది. గొట్టాల జబ్బు మొదట్లో మొత్తం గాలి జోలికి పోదు, మొదటి సెకనునే దెబ్బ తీస్తుంది. అందుకే రిపోర్టు చేతికి రాగానే కన్ను పడాల్సింది నిష్పత్తి మీద. శాతాలు ఆ తర్వాత.

మీ వయసు మగవాళ్లలో నిష్పత్తి సాధారణంగా 80 అటూఇటూగా ఉంటుంది. గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే సీఓపీడీ జబ్బుకు ప్రపంచమంతా అనుసరించే గోల్డ్ మార్గదర్శకాల ప్రకారం, గొట్టాలు విప్పే మందు పీల్చాక కూడా అది 70 కంటే తక్కువుంటే అడ్డంకి ఉన్నట్టు. ఈ ఒక్క గీత అన్ని వయసులకూ సరిపోదు. వయసుతో పాటు నిష్పత్తి సహజంగానే తగ్గుతుంది. డెబ్బై ఏళ్ల ఆరోగ్యవంతుడికి 69 ఉండొచ్చు, పాతికేళ్ల కుర్రాడికి 73 ఉన్నా ఆలోచించాల్సిందే. అందుకే రిపోర్టులో ఎల్‌ఎల్‌ఎన్ అనే కాలమ్ ఉందేమో చూడండి. అది మీ వయసుకు, ఎత్తుకు, మగ ఆడ తేడాకు తగ్గట్టు లెక్కగట్టిన కింది హద్దు. ఆరోగ్యంగా ఉన్న నూరుమందిలో అయిదుగురు మాత్రమే దానికి దిగువన ఉంటారు. మీ వయసుకు ఆ హద్దు 70కి పైనే ఉంటుంది. మీ 69 ఏ కొలతతో చూసినా కిందే ఉంది.

మరి ‘నార్మల్’ అని ఎందుకు రాశారు? ఎఫ్‌ఈవీ1 80 శాతం దాటితే సరే అనే పాత లెక్క చాలాచోట్ల ఇంకా నడుస్తోంది. మీది 81. ఈ లెక్కలో ఉన్న చిక్కేమిటంటే, ఆ శాతం మిమ్మల్ని మీతో పోల్చి చెప్పేది కాదు, మీ వయసు, మీ ఎత్తు ఉన్న సగటు మనిషితో పోల్చి చెప్పేది. కొందరికి మొదటి నుంచీ 105 శాతం ఉంటుంది. అలాంటివారు ఇరవై శాతం పోగొట్టుకున్నాక కూడా రిపోర్టులో ‘నార్మల్’గానే కనిపిస్తారు.

పైగా ఆ 81 కూడా నిలబడదు. 5 అడుగుల 7 అంగుళాలంటే 170 సెంటీమీటర్లు. మెషీన్ పోలిక చూసే విలువ ఎత్తును బట్టి మారిపోతుంది, మీ విషయంలో 5 సెంటీమీటర్లకే 200 మి.లీ. పైచిలుకు తేడా వస్తుంది. 165 అని వేసినప్పుడు మీకు ఉండాల్సిన ఎఫ్‌ఈవీ1 సుమారు 3.48 లీటర్లుగా లెక్కకట్టింది. 170 వేస్తే అది 3.7 దాకా వెళుతుంది, మీ 81 శాతం 76కు దిగుతుంది. అంటే ఆ పాత లెక్క ప్రకారం చూసినా మీరు నార్మల్ కాదు. ఎత్తు ఎంతని అడిగి రాసుకోకూడదు. చెప్పులు విప్పించి, గోడకు నిలబెట్టి కొలవాలి. మెషీన్‌లో ఏ జనాభా లెక్కలు పెట్టారన్నది కూడా శాతాన్ని మారుస్తుంది. తెల్లజాతివాళ్ల లెక్కలు పెడితే మనవాళ్ల శాతం తక్కువగా కనిపిస్తుంది. నిష్పత్తికి ఈ రెండు బెడదలూ పెద్దగా అంటవు. దాన్ని ముందు చూడమనడానికి అదొక కారణం.

ఇక 3.8 సెకన్లు. ఈ అంకెను ఎవరూ పట్టించుకోరు గానీ మీ రిపోర్టులో అసలు కీలకం ఇదే. పిల్లలు, పడుచువాళ్లు మూడు నాలుగు సెకన్లలో ఊపిరి ఖాళీ చేసేయగలరు. గొట్టాలు ఇరుకైనవారికి అది సాధ్యం కాదు, సన్నటి ధారగా ఏడెనిమిది సెకన్లయినా వస్తూనే ఉంటుంది. మీరు 3.8 దగ్గర ఆపేశారంటే లోపల ఇంకా గాలి మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు ఎఫ్‌వీసీ ఉన్నదానికంటే తక్కువ వస్తుంది, కింద భాగించే అంకె చిన్నదైతే నిష్పత్తి లేనిపోని మెరుగు చూపిస్తుంది. చివరిదాకా ఊది ఉంటే ఎఫ్‌వీసీ 4.30 వచ్చేదనుకోండి, నిష్పత్తి 66 అయ్యేది. తొందరగా ఆపేయడం జబ్బును దాచేస్తుంది, లేని అడ్డంకిని పుట్టించదు. తొలిదశ అడ్డంకిని గుర్తించడంలో ఎక్కువగా మోసం చేసే తప్పు ఇదే.

పద్ధతిగా ఊదడం ఎలాగో వివరంగా చెబుతాం, ఎందుకంటే ఈ పరీక్షలో మెషీన్ పని సగమే, మిగతా సగం మీదీ టెక్నీషియన్‌దీ. చక్రాలు లేని, చేతులున్న కుర్చీలో నిటారుగా కూర్చోండి, పాదాలు రెండూ నేలకు ఆనాలి. బలంగా ఊదేటప్పుడు కళ్లు తిరగొచ్చు, అందుకే నిలబెట్టి చేయించకపోవడం మంచిది. బెల్టు బిగుతుగా ఉంటే వదులు చేయండి. ముక్కుకు క్లిప్ పెడతారు. మౌత్‌పీస్‌ను పళ్ల మధ్య మెల్లగా పట్టి, పెదాలతో చుట్టూ మూసేయాలి. నాలుక దానికి అడ్డం రాకుండా కింద ఉండాలి. ఇప్పుడు గాలి పీల్చండి. చాలనిపించాక ఇంకొంచెం పీల్చండి. పైన ఆగిపోకండి, రెండు సెకన్లకు మించి బిగబడితే ఆ ఊదుడు లెక్కలోకి రాదు. వెంటనే ఒక్కసారిగా, తుపాకీ పేల్చినట్టు వదలాలి. బుడగ ఊదినట్టు మెల్లగా మొదలుపెట్టి బలం పెంచితే ఎఫ్‌ఈవీ1 తప్పు వస్తుంది. అక్కడి నుంచి టెక్నీషియన్ ‘ఇంకా, ఇంకా, ఇంకా’ అంటూ అరవాలి. మర్యాదగా ఊరుకునే టెక్నీషియన్ ఈ పరీక్షకు పనికిరాడు. మీకు గాలి అయిపోయినట్టనిపించినా తెరమీది గీత పైకి పాకుతూనే ఉంటే ఊదుతూనే ఉండండి. ఆ గీత చదునై, ఒక సెకను పాటు 25 మి.లీ. కూడా కదలకపోతే అప్పుడు ఆపాలి. లేదా 15 సెకన్లు నిండాలి. చివర్లో మళ్లీ నిండుగా ఒక శ్వాస లోపలికి తీసుకోవాలి.

మొదటి సెకనులో దగ్గొస్తే ఆ ఊదుడు పనికిరాదు. పెదాల పక్కనుంచి గాలి పోయినా, నాలుక అడ్డుపడినా అంతే. నిండుగా పీల్చకుండా ఊదితే రెండు అంకెలూ కలిసి పడిపోతాయి, నిష్పత్తి మాత్రం మామూలుగానే ఉంటుంది. అప్పుడు ఊపిరితిత్తులు కుంచించుకుపోయాయేమోనని అనవసరంగా సీటీ స్కాన్ల దాకా వెళ్లేవాళ్లున్నారు. ఇలాంటి లోపాలేవీ లేని ఊదుళ్లు కనీసం మూడు రావాలి, వాటిలో మెరుగైన రెండింటి మధ్య తేడా 150 మి.లీ. మించకూడదు. దీనికోసం పెద్దవారితో ఎనిమిదిసార్ల దాకా ఊదించవచ్చు. మీతో రెండుసార్లే ఊదించారు, అందుకే ఆ రిపోర్టు మీద పూర్తి భరోసా పెట్టలేం. కొత్త మెషీన్లు ఎ, బి, సి అంటూ నాణ్యత గ్రేడు కూడా అచ్చువేస్తాయి. డి, ఇ, ఎఫ్ వస్తే మరోరోజు మళ్లీ చేయమని అడగండి. అడగాల్సింది ఇంకొకటుంది. ఆ రోజు 3 లీటర్ల సిరంజితో మెషీన్‌ను సరిచూశారా అని. మంచి ల్యాబ్ రోజూ చూస్తుంది. సిరంజి తోసినప్పుడు రీడింగ్ 2.91, 3.09 మధ్య ఉండాలి.

బొమ్మల కాగితం తప్పకుండా తీసుకోండి, అంకెల కాగితం ఒక్కటే చాలదు. గాలి వేగాన్ని చూపే బొమ్మలో ఎడమవైపు నిట్టనిలువుగా ఎక్కి, కుడివైపు ఇంచుమించు తిన్నగా దిగే కొండలాంటి గీత ఉంటుంది. గొట్టాలు ఇరుకైనప్పుడు ఆ దిగే గీత వదులుగా కట్టిన దండెంలా లోపలికి కుంగుతుంది. తొలిదశలో అంకెలు హద్దుమీద ఊగిసలాడుతున్నప్పుడు ఈ కుంగుడే డాక్టరుకు దారి చూపిస్తుంది.

ఎఫ్‌ఈఎఫ్ 25-75 గురించి. ఊదిన గాలిలో నూటికి 25 నుంచి 75 వరకు ఉన్న నడిమి భాగం ఎంత వేగంగా బయటికి వచ్చిందో చెప్పే అంకె ఇది. చిన్న గొట్టాలు మొదట చెడతాయి, వాటిని ఈ అంకె పట్టిస్తుంది అని చాలామంది చెబుతారు. సగం నిజం. రెండు మి.మీ. కంటే సన్నని గొట్టాలు వేలకు వేలు ఉంటాయి, అన్నీ కలిసి గాలికిచ్చే అడ్డు చాలా తక్కువ. అందుకే అవి చాలావరకు చెడేదాకా ఊదే పరీక్షలో తేలదు. స్పైరోమెట్రీ, అంటే ఈ ఊదే పరీక్ష, బాగున్నంత మాత్రాన గొట్టాలన్నీ బాగున్నాయని ధీమా పడకూడదన్నది ఇందుకే. ఇక ఎఫ్‌ఈఎఫ్ 25-75 అయితే మనిషి మనిషికీ, ఊదుడు ఊదుడుకీ విపరీతంగా మారుతుంది. తొందరగా ఆపేస్తే అదీ తారుమారవుతుంది. మీ 48 శాతాన్ని నిష్పత్తికి తోడు సాక్ష్యంగా చూడొచ్చు, అంతకుమించి కాదు. నిష్పత్తి బాగుండి ఇదొక్కటే తగ్గిందని ఎవరైనా ఏళ్లతరబడి ఇన్‌హేలర్ వాడమంటే రెండో అభిప్రాయం తీసుకోండి. చిన్న గొట్టాలను చూడడానికి ఆసిలోమెట్రీ అనే పరీక్ష పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. మామూలుగా శ్వాస తీసుకుంటుంటే చాలు, బలంగా ఊదనక్కర్లేదు. చిన్నపిల్లలకు బాగా పనికొస్తుంది. మీకు మొదట కావలసింది మాత్రం మంచి స్పైరోమెట్రీయే.

రెండేళ్ల కిందటి 3.10ను తీసిపెట్టడం చాలా మంచి పని చేశారు. పాతికేళ్లు దాటాక ఎఫ్‌ఈవీ1 ఏటా సుమారు 25, 30 మి.లీ. చొప్పున తగ్గడం సహజం. మీకు రెండేళ్లలో 280 మి.లీ. తగ్గింది. ఊదడంలో తేడా వల్ల ఇందులో కొంత పోవచ్చు, అందుకే మళ్లీ చేయమంటున్నాం. కొత్త పరీక్షలోనూ 2.8 దగ్గరే వస్తే మాత్రం అది కొట్టిపారేయదగ్గ తగ్గుదల కాదు. ఇలా పోల్చుకునేటప్పుడు లీటర్లను లీటర్లతోనే పోల్చండి. శాతాలతో పోలిస్తే ఎత్తు తప్పువేసిన పాపం అందులో కలుస్తుంది.

సోమవారమే ఎందుకంటే, మీరు చెప్పిన లక్షణానికి ఒక పేరుంది. పత్తి దుమ్ములో ఆకుముక్కల పొడి, దానిమీద పెరిగే బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటాయి. సెలవు తర్వాత మొదటి రోజు ఇవి లోపలికి పోగానే గొట్టాలు గట్టిగా స్పందిస్తాయి, తర్వాతి రోజుల్లో కొంత అలవాటు పడతాయి. దాన్ని బిసినోసిస్ అంటారు. పత్తిని విప్పి శుభ్రం చేసే బ్లో రూమ్, కార్డింగ్ పనివాళ్లకే ఇది ఎక్కువ. 1950లలో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల్లో రిచర్డ్ షిల్లింగ్ ఈ సోమవారం లక్షణాన్ని బట్టే జబ్బుకు గ్రేడులు కట్టారు. అది మొదటి రోజుకే పరిమితమైతే తేలిక, మిగతా రోజులకూ పాకితే ముదిరినట్టు. మీకు బుధవారానికి సర్దుకుంటోంది, అంటే ఇప్పుడే పట్టుకుంటే మేలు జరిగే దశ. ఇక ఆయాసం విషయంలో బీడీల వాటా ఎంతో, దుమ్ము వాటా ఎంతో ఏ పరీక్షా విడదీసి చెప్పలేదు. రెండూ ఒకదానికొకటి తోడవుతాయి.

అమెరికాలో 1978లో వచ్చిన పత్తి దుమ్ము నిబంధన ఈ పరీక్ష ఎలా చేయాలో స్పష్టంగా చెప్పింది. దాన్ని మీరూ పాటించవచ్చు. కనీసం 35 గంటలు దుమ్ముకు దూరంగా ఉండి, వారంలో మొదటి రోజు షిఫ్టు ఎక్కకముందు ఒకసారి ఊదాలి. పని మొదలయ్యాక 4 గంటలు దాటి, 10 గంటల్లోపు రెండోసారి. దుమ్ములోంచి బయటికొచ్చిన గంటలోపే ఇది అయిపోవాలి. మొదటిసారికంటే ఎఫ్‌ఈవీ1 5 శాతం గానీ 200 మి.లీ. గానీ తగ్గితే, అది 80 శాతం పైనే ఉన్నా సరే, ఆ మనిషిని ఆరునెలలకోసారి చూడాలన్నది ఆ నిబంధన. మీకు 5 శాతమంటే 140 మి.లీ. మాత్రమే. ఊదడం అటూఇటూ అయితే ఆ మాత్రం తేడా ఊరికే వస్తుంది, కాబట్టి రెండుసార్లూ ఒకే మెషీన్, వీలైతే ఒకే టెక్నీషియన్ ఉండేలా చూసుకోండి.

షిఫ్టు మధ్యలో ల్యాబ్‌కు వెళ్లడం కుదరదంటే పీక్ ఫ్లో మీటర్ కొనండి. గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే, ప్లాస్టిక్ గొట్టం మీద ముల్లు జరిగే చిన్న పరికరం, మందుల షాపుల్లో దొరుకుతుంది. రోజుకు నాలుగుసార్లు, ప్రతిసారీ నిలబడి మూడు ఊదుళ్లు, మూడింటిలో పెద్ద అంకె, టైము నోటుబుక్కులో. పని ఉన్న వారాలు రెండు, సెలవు పెట్టిన రోజులు వీలైనన్ని, రెండు వారాలైతే మరీ మంచిది. ఏ షిఫ్టు, ఏ సెక్షన్ అన్నదీ పక్కనే రాయండి. మరిచిపోయిన పూట ఖాళీగా వదిలేయండి, రాత్రి కూర్చుని ఊహించి నింపితే పుస్తకమంతా దండగ. ఇది స్పైరోమెట్రీకి బదులు కాదు. పనికీ ఛాతీకీ ఉన్న లంకె చూపించడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ల్యాబ్‌లో పరీక్ష రోజు గొట్టాలు విప్పే మందు ఇచ్చి కూడా ఊదించమనండి. మొదటి విడత అయ్యాక సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాముల పఫ్‌లు నాలుగు, ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే గొట్టం పెట్టి ఒక్కొక్కటిగా ఇస్తారు. 15 నిమిషాలు ఆగి మళ్లీ మూడు మంచి ఊదుళ్లు. ఎఫ్‌ఈవీ1 కనీసం 12 శాతం, 200 మి.లీ. రెండూ పెరిగితే మందుకు గొట్టాలు బాగా విప్పారినట్టు. మీ 2.82 అయితే 3.16 దాటాలి. 2022లో వచ్చిన కొత్త లెక్కలో, ఉండాల్సిన విలువలో 10 శాతానికి మించి పెరగాలి. మీకు అది కాస్త పైన, 3.19 దగ్గర పడుతుంది. పెరిగితే ఉబ్బసం తరహా ఇరుకు. పెరగకుండా నిష్పత్తి 70 కిందే ఉండిపోతే శాశ్వతంగా ఇరుకవడం మొదలైందేమోనని చూడాలి. ఒక్కరోజు పెరగనంత మాత్రాన ఉబ్బసం లేదని చెప్పలేం. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ వాడుతుంటే పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ అయితే 24 గంటల ముందు ఆపాలి. అదీ డాక్టరును అడిగే. ఆయాసం వస్తే పరీక్ష కోసం ఓర్చుకోకండి, మందు పీల్చండి, పరీక్ష వాయిదా వేయొచ్చు. పరీక్షకు గంట ముందు నుంచి బీడీ ముట్టకూడదు.

పరీక్షకు వెళ్లేముందు ఇంకొక్క పని ఉంది. దగ్గు రెండు వారాలు దాటి ఉంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోండి, ఉచితమే. ఎక్స్‌రే బాగున్నా సరే. క్షయ ఉండి ఊదే పరీక్షకు వెళ్తే జబ్బు పక్కవాళ్లకు అంటుకోవచ్చు. ఈమధ్య గుండెపోటు వచ్చినా, కంటికో, కడుపుకో ఆపరేషన్ జరిగినా ఆ సంగతి ముందే చెప్పాలి, పరీక్షను కొన్ని వారాలు ఆపుతారు.

రిపోర్టు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. బీడీ ఈరోజే మానండి. పోయిన ఎఫ్‌ఈవీ1 అంతా తిరిగిరాదు గానీ తగ్గే వేగం మాత్రం మామూలు మనిషి వేగానికి దగ్గరగా వస్తుంది. కార్డింగ్ మెషీన్లను గాలి పైపుతో ఊది శుభ్రం చేసే అలవాటు ఉంటే ఆ పనిలో మీరు ఉండకుండా చూసుకోండి. కిందపడ్డ దుమ్మంతా మళ్లీ గాలిలోకి లేచేది అప్పుడే. వ్యాక్యూమ్‌తో లాగడం పెట్టమని సూపర్‌వైజర్‌ను అడగండి. రుమాలు కట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు కావాలి, గడ్డం ఉంటే అదీ ముఖానికి అతకదు. అన్నిటికన్నా మేలు వైండింగ్, ప్యాకింగ్ లాంటి దుమ్ము తక్కువ సెక్షన్‌కు మారడం.

అలా మారాలంటే కాగితం కావాలి. ఈఎస్ఐ గుర్తించిన వృత్తి వ్యాధుల్లో పత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్ ఉంది. మీకు ఈఎస్ఐ కార్డు ఉంటే అక్కడి డాక్టరుకే ముందు చూపించండి. ఎన్నేళ్లుగా ఏ సెక్షన్‌లో చేస్తున్నారో, సోమవారం ఏమవుతోందో కేస్‌షీట్‌లో రాయమని అడగండి. ‘దగ్గు, ఆయాసం’ అని మాత్రమే రాసి పంపిస్తే రేపు పనికి ముడిపెట్టడం కష్టం. పాత రిపోర్టు, ఇప్పటి రిపోర్టు, పీక్ ఫ్లో నోటుబుక్కు మూడూ తీసుకెళ్లండి. ఇప్పటి రిపోర్టులో ఎత్తు తప్పని పెన్నుతో గుర్తుపెట్టి మరీ ఇవ్వండి.